మీటరు దూరంలో

సీసపు డబ్బా మూత తీయగానే రేబెకా చేతిలోని రేడియేషన్ మీటరు చిటపటలాడింది. డబ్బా అడుగున ఉన్నది ఒక్కటే మాత్ర. చూస్తే ఏ విటమిన్ మాత్రో అనుకుంటారు. దాన్ని చేత్తో ముట్టుకోరు, చిన్న గొట్టంలోంచి నేరుగా నోట్లోకి జారవిడుస్తారు. మంచం మీద కూర్చున్న విజయ కుమారి, చర్చిలో రొట్టె ముక్క అందుకునేటప్పటిలాగే కళ్లు మూసుకుని నోరు తెరిచింది. మాత్ర మింగి, గ్లాసు నిండా నీళ్లు తాగి, మణికట్టుతో మూతి తుడుచుకుంది.

"అయిపోనాదా?"

"అయిపోయిందమ్మా. ఇంక నేను బయటికెళ్లిపోవాలి."

"అప్పుడేనా?"

"అప్పుడే."

రేబెకా వెనక్కి నడుస్తూ మీటరును తల్లి వైపు తిప్పింది. ఖాళీ అయిన డబ్బాలో ఇప్పుడేమీ లేదు. మీటరు మోగుతున్నది తల్లిని చూసి. గుమ్మం దాటి, సీసం పొదిగిన బరువైన తలుపును భుజంతో నెట్టి మూసి, బయట తగిలించి ఉన్న కాగితం మీద అంకె వేసింది. చెయ్యి వణకలేదు. వణకలేదన్న సంగతిని కూడా గమనించింది, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు.

రేబెకా ఫిజిక్సు చదువుకుంది. వాళ్లు స్థిరపడిన బెంగాలీ నగరంలో, బైపాసు రోడ్డు మీదున్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వచ్చే రేడియేషన్ మందుల జాగ్రత్తంతా ఆమెదే. సొంత తల్లిని తనే చూసుకోవడం కష్టమేమోనని విభాగం పెద్ద డాక్టర్ లాహిరి ముందే అన్నాడు. కావాలంటే ఇంకో ఆసుపత్రి నుంచి ఎవరినైనా పిలిపిస్తానన్నాడు. "ఫర్వాలేదు, నేను చూస్తాను" అంది. ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూసి, సరేనన్నాడు. తల్లి మీద ప్రేమకొద్దీ అడుగుతోందనుకున్నాడు కాబోలు. నిజానికి, వద్దనడానికి ఆమెకు కారణమేదీ కనపడలేదు. అంతే.

ఏడాది పైగా ఆమె ఇలాగే ఉంది. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప గిల్లుకుంటే, గిల్లిన సంగతి వేలికి తెలుస్తుంది గాని చెంపకు తెలియదు. ఆమెకు ఒళ్లంతా ఆ చెంపలా అయిపోయింది. తినేది, పనికి వెళ్లేది, ఎవరైనా జోకు వేస్తే నవ్వేది. ఏదీ లోపలికి దిగేది కాదు.

తమ్ముడు ఇవాన్ పోయినప్పుడు మొదలైంది అది. ఇవాన్ సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. ఒక ఉదయం ఖిదిర్‌పూర్‌లో ఆఫీసు బస్సెక్కి, కిటికీకి తల ఆనించి పడుకున్నాడు. చివరి స్టాపులో అందరూ దిగారు, అతను దిగలేదు. ముప్పై ఏళ్లింకా నిండలేదు. జబ్బు లేదు, జ్వరం లేదు. పోస్టుమార్టం చేసిన వాళ్లు గుండె ఆగిందన్నారు. ఎందుకాగిందని అడిగితే, ఒక్కోసారి కారణం దొరకదన్నారు. సాల్ట్ లేక్‌లో అద్దె గదిలో ఉంటున్న రేబెకాకే కబురు ముందందింది. ముందుగా వెళ్లి చూసిందీ ఆమే. తండ్రికి ఫోను చేసి, "నాన్నా, ఇవాన్ చనిపోయాడు. మీరు టాక్సీలో రండి" అని చెప్పిందీ ఆమే. రేపు కరెంటుండదని చెప్పినట్టు చెప్పింది. వారం తిరక్కుండా పనిలోకి వెళ్లిపోయింది.

విజయ కుమారి కూడా ఏడవలేదు. చర్చి పెద్దలొచ్చి ఆమె విశ్వాసం రాయిలాంటిదన్నారు. ఖిదిర్‌పూర్ పక్కనే వాట్‌గంజ్ సందులో వాళ్లుంటున్న ఇంట్లో ఆమె కుట్టుమిషను అంత్యక్రియల మర్నాడే మళ్లీ తిరగడం మొదలెట్టింది. పండగ సీజను, ఆడవాళ్ల జాకెట్లు ఒప్పుకుని ఉంది. ఆ తర్వాత తల్లీ కూతురూ కలిసినప్పుడు గ్యాసు గురించి, నీళ్ల మోటారు గురించి, మార్కెట్లో పార్శే చేప గురించి మాట్లాడుకునేవారు. ఇవాన్ గదికి తండ్రి జయరాజు గడియ పెట్టేశాడు. ఎవరూ తియ్యలేదు.

కొన్ని నెలలకు విజయ కుమారికి గొంతు బొంగురుపోవడం మొదలైంది. చర్చి పాటల గుంపులో పై స్వరం అందుకోలేకపోతుంటే, పక్కనున్నావిడ మెడ మీద ఉబ్బు చూసి డాక్టరు దగ్గరికి పంపింది. థైరాయిడ్ క్యాన్సర్. గ్రంథిని కోసి తీసేశారు. కత్తికి అందకుండా మిగిలిన కణాలేవైనా ఉంటే వాటి కోసం ఈ మాత్ర. థైరాయిడ్ కణానికి అయొడిన్ అంటే ఆశ. ఒంట్లో ఏ మూల దాక్కున్నా దాన్ని పీల్చుకుంటుంది. మాత్రలో ఉన్నది రేడియోధార్మిక అయొడిన్, కనుక పీల్చుకున్న కణం లోపల్నుంచే మాడుతుంది. మాడుతున్న చోటు నుంచి గామా కిరణాలు శరీరం దాటి బయటికొస్తాయి, కెమెరా వాటిని పట్టుకుంటుంది. మందూ అదే, దీపమూ అదే.

అలాంటి మనిషిని కొన్నాళ్లు ఒంటరి గదిలో ఉంచాలి. ఆ గదికి సొంత మరుగుదొడ్డి, ఆ దొడ్డికి సొంత ట్యాంకు ఉంటాయి. అన్నం తలుపు లోపల బల్ల మీద పెట్టి వచ్చేస్తారు. లోపలికి వెళ్లిన వస్తువు పరీక్ష కాకుండా బయటికి రాదు. రోజూ ఉదయం రేబెకా లోపలికెళ్లి, చక్రాల మీద దొర్లించే సీసపు అడ్డు వెనక నిలబడి, మీటరు దూరం నుంచి తల్లిని కొలిచేది. ఆ అంకె ఒక హద్దుకు దిగితేనే మనిషిని బయటికి పంపుతారు. కొలిచేటప్పుడు విజయ కుమారి ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేది.

"తగ్గిందా?"

"తగ్గింది. నీళ్లు తాగుతున్నావా?"

"పీపాలు తాగుతున్నాను. మీరిచ్చిన నిమ్మకాయ బిళ్లలు చప్పరించి నాలుక పుండయిపోనాది. రెండు నిమిషాలు కూకోరాదేటి?"

"కూర్చోకూడదమ్మా. బయట్నుంచి మాట్లాడతాను."

బయట గోడకు ఇంటర్‌కమ్ ఉంది. పక్కన చిన్న తెర మీద గది కనిపిస్తుంది. మధ్యాహ్నం పని తగ్గాక రేబెకా అక్కడ స్టూలు వేసుకుని కూర్చునేది. ఆ రోజు తల్లే మొదలెట్టింది.

"ఇది ఒంట్లోంచి ఎప్పుడు పోద్దే బేబీ?"

"చాలామట్టుకు నీళ్లతోనే పోద్ది. మిగిలింది ఎనిమిది రోజులకి సగం అవుద్ది. మళ్లీ ఎనిమిది రోజులకి సగంలో సగం. అలాగ."

"సగం పోతాయంటావు. ఏవి పోతాయి? పాతవా?"

రేబెకా రిసీవరు చెవి మార్చుకుంది. "పాతవీ కొత్తవీ అనుండదు. ఈ ఆటమ్‌లకి వయసుండదమ్మా. నెల్లాళ్ల కిందటిదీ ఇవాళ్టిదీ ఒకటే. గుంపులో సగం పోతాయని లెక్క చెప్పగలం గాని, ఇదిగో ఇది పోద్ది, అది ఉంటాది అని చెప్పలేం."

"మరి పోయేదానికి ముందు తెలుస్తాదా?"

"తెలీదు."

"పక్కనున్నవాటికి?"

"వాటికీ తెలీదు."

"ఏదో ఒక కారణం ఉంటాది కాదేటి?"

"లేదమ్మా. మాకు తెలీక కాదు, కారణమే లేదు."

కొత్తగా చేరిన నర్సులకు ఈ మాట ఆమె ఎన్నోసార్లు చెప్పింది. వాళ్లు తలాడించి రాసుకుంటారు. తెర మీద విజయ కుమారి రిసీవరు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"పెరుగు పులిసిపోనాది," అంది చివరికి. "రేపు మజ్జిగ పంపమని చెప్పు."

రిసీవరు పెట్టేసి, మంచం మీద అటు తిరిగి గోడకేసి కూర్చుంది. కెమెరాకు వీపు మాత్రమే కనపడుతోంది. ప్రార్థన చేసుకుంటోందనుకుని రేబెకా లేచి తన పనికి వెళ్లిపోయింది.

అంకె హద్దు కిందికి దిగిన రోజు ఉదయం విజయ కుమారి చేత తలస్నానం చేయించారు. పాత బట్టలన్నీ గదిలోనే వదిలేసి, ఇంటి నుంచి వచ్చిన ఉతికిన లోదుస్తుల మీద ఆసుపత్రి గౌను వేసుకోమన్నారు. ఇంటికెళ్లే ముందు ఒంట్లో అయొడిన్ ఎక్కడెక్కడ చేరిందో ఫొటో తీయాలి. గామా కెమెరా బల్ల మీద పడుకోబెట్టి, చేతులు పక్కకు కట్టి, కదలొద్దన్నారు. రెండు చదునైన పలకలు, ఒకటి పైన, ఒకటి కింద. బల్ల వాటి మధ్య నుంచి నత్తలా జరుగుతుంది.

యంత్రం నడిపేది శర్మిష్ఠ అనే బెంగాలీ అమ్మాయి. అద్దం ఇవతల గదిలో ఆమె పక్కనే రేబెకా నిలబడింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు రాలడం మొదలైంది. ఒక్కో చుక్క ఒక్కో పరమాణువు పోయిన జాడ. మొదట్లో అది వాన తుంపర్లలాగే ఉంటుంది, ఆకారం ఏర్పడదు. చుక్కలు కూడేకొద్దీ మనిషి తేలుతుంది. మెడ దగ్గర తెల్లటి మంట తేలింది, అది ఉంటుందని అనుకున్నదే. నోరు, కడుపు, మూత్రాశయం మసకగా వచ్చాయి. అవీ మామూలే. బల్ల ఇంకొంచెం జరిగింది. ఎడమ రొమ్ము మీద, మధ్యకు దగ్గరగా, ఒక మచ్చ తేలింది. చుక్కలు ఇంకా పడుతున్నాయి. మచ్చ చిక్కబడింది.

శర్మిష్ఠ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"రేబెకాదీ," అక్కా అని పిలుస్తూ అంది బెంగాలీలో, తెర మీంచి చూపు తిప్పకుండా, "మీరు కాసేపు బయట కూర్చోండి."

"ఎందుకు? నాకు కనిపిస్తోంది."

డాక్టర్ లాహిరి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకు దగ్గరగా వంగాడు. ఆయన తొందరగా మాట్లాడే మనిషి. ఇప్పుడు తొందరపడలేదు.

"ఊపిరితిత్తి కావచ్చు, పక్కటెముక కావచ్చు. ఇలా పైనుంచి తీసిన బొమ్మలో లోతు తెలియదు. చుట్టూ తిప్పి, సీటీతో కలిపి తీద్దాం. అప్పటిదాకా ఎవరూ ఏమీ అనుకోవద్దు." ఆ చివరి మాట రేబెకా వైపు తిరిగి అన్నాడు.

"సరే," అంది ఆమె.

సీటీకి సిద్ధం చెయ్యడానికి కొంత సమయం పడుతుందన్నారు. రేబెకా మెట్లు దిగి కిందికెళ్లింది. ఎముకల్లోకి పాకిన వాళ్లని, ఊపిరితిత్తుల నిండా మంచులా పరుచుకున్న వాళ్లని ఆమె ఈ తెర మీద ఎందరినో చూసింది. తనకేమనిపిస్తోందో వెతుక్కుంది. ఉదయం టిఫిన్ చెయ్యలేదు, ఆకలేస్తోంది. అంతకుమించి ఏమీ దొరకలేదు.

జయరాజు ఆసుపత్రి గేటు దగ్గర టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి, ఎంతసేపైనా కదలకుండా కూర్చోగలడు. ఒళ్లో బట్టల సంచి ఉంది. కూతుర్ని చూసి ఇంకో మట్టికప్పు టీ చెప్పాడు.

"అయిపోయిందేటమ్మా?"

"లేదు నాన్నా. ఇంకొకటి తీస్తున్నారు."

"ఇంకొకటి ఎందుకు?"

"మొదటిది సరిగ్గా తెలీలేదు. మామూలే."

ఆయన టీ ఊదుకున్నాడు. "నీలం చీర తెచ్చేను మీయమ్మకి. బాగుంటాది కదా. ఆసుపత్రి నుంచి వచ్చినట్టు కనపడకూడదని."

"బాగుంటాది."

"ఏటయినా ఉంటే చెప్పీ తల్లీ. దాచకు. ఆ రోజు నువ్వు దాచలేదు, అదే నయమైంది."

రేబెకా టీ తాగింది. చెప్పాల్సి వస్తే ఏ మాటతో మొదలెట్టాలో మనసులో కూర్చుకుంది. మాటలు వరసగా, సులువుగా వచ్చేశాయి. ఆ సులువుకే ఆమెకు కొంచెం భయమేసింది.

"ఇంటికెళ్లాక కూడా అమ్మ విడిగా పడుకోవాలి," అంది మాట మార్చి. "కొన్నాళ్లు. విడి గది కావాలి. నువ్వు మరీ దగ్గరికెళ్లకూడదు. పక్కింటి పాప రాకూడదు."

"విడి గదంటే..." జయరాజు ఆగాడు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఆయన ఖాళీ కప్పును డ్రమ్ములో పడేసి వచ్చి కూర్చున్నాడు. "వాడి గదే."

"అదే."

"అయితే నేను ముందెళ్లి తీస్తాను. దుమ్ముంటాది." బట్టల సంచి కూతురి చేతికిచ్చి లేచాడు.

ఆమె మళ్లీ పైకి వెళ్లేసరికి అద్దాల గదిలో డాక్టర్ లాహిరి మొహమంతా నవ్వుతున్నాడు. తెర మీద విజయ కుమారి ఛాతీ అడ్డకోత బొమ్మ ఉంది. బూడిద రంగు పక్కటెముకలు, నల్లటి ఊపిరితిత్తులు, వాటి చుట్టూ చర్మపు గీత. మచ్చ ఆ గీతకు బయట ఉంది.

"మనిషి లోపల లేదమ్మా ఇది! మనిషి మీద ఉంది. గౌను కింద ఏదో పెట్టుకుంది మీ అమ్మ. అడిగితే చెప్పడం లేదు."

శర్మిష్ఠ మైకులో పిన్నీ అని పిలుస్తూ "మాసీమా, లోపల ఏముందో తీసెయ్యండి" అని బతిమాలుతోంది. బల్ల మీద విజయ కుమారి ఎడమ చేతిని కట్టు నుంచి లాక్కుని రొమ్ము మీద అదిమి పెట్టుకుంది. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి.

రేబెకా చేతి తొడుగులు వేసుకుని, పొడుగాటి పట్టుకారు, ప్లాస్టిక్ సంచి తీసుకుని లోపలికెళ్లింది. మాత్ర మింగించాక తల్లికి ఇంత దగ్గరగా రావడం ఇదే మొదలు. సబ్బు వాసన వస్తోంది.

"అమ్మా, ఏటది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఫొటోలో ఎందుకు పడ్డాది? క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి పోయిందనుకున్నాం."

విజయ కుమారి కూతురి కళ్లలోకి చూసింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూసి, నెమ్మదిగా గౌను మెడలోంచి చెయ్యి పోనిచ్చింది. లోపలి బాడీకి తనే కుట్టుకున్న చిన్న జేబు ఉంది. దాంట్లోంచి మడత పెట్టిన మగవాళ్ల రుమాలు తీసింది. గళ్ల రుమాలు. ఇవాన్‌ది.

"బట్టలన్నీ వదిలీమన్నారు, వదిలీసేను," అంది. "ఇది బట్ట కాదు గదా."

రేబెకా పట్టుకారుతో అందుకుని మీటరు దగ్గరికి తెచ్చింది. చిటపట చిటపట కాదు, ఒకటే ఏకధాటిగా మోత. రుమాలు తడి ఆరి అట్టకట్టింది. చెమటలో అయొడిన్ ఉంటుంది, ఉమ్ములో ఉంటుంది, ముక్కులోంచి కారే నీళ్లలో ఉంటుంది. కన్నీళ్లలోనూ ఉంటుంది. ఇంత అట్టకట్టాలంటే ఆ రుమాలు ఒకసారి తడిసింది కాదు.

"ఇంత తడి ఎలా అయ్యింది?"

"జలుబు చేసింది. ఆ ఏసీకి."

"జలుబని నాతో చెప్పలేదే?"

"ఏటి చెప్తాను. నువ్వు తలుపవతల ఉన్నావు."

ఏ పరమాణువు కంట్లోంచి వచ్చిందో, ఏది ముక్కులోంచి వచ్చిందో మీటరు చెప్పదు. రేబెకా రుమాలును సంచిలోకి జారవిడిచి దాని మూతి బిగించింది.

"ఇదిప్పుడు ఇవ్వడం కుదరదమ్మా. సీసం పెట్టెలో ఉంచాలి. మూడు నెలలనుకో. అప్పటికి ఏమీ ఉండదు."

"ఉతికితే పోదేటి?"

"ఉతికితే తొందరగా ఇవ్వొచ్చేమో. అడిగి చూస్తాను."

"వొద్దు," అంది విజయ కుమారి, వెంటనే. "ఉతకొద్దు. మూడు నెలలయినా సరే, అలాగే ఉంచీ. వాడి ప్యాంటు జేబులో ఎలగ మడత పెట్టుందో అలగే ఉంచేను ఇన్నాళ్లూ. మొన్నే పాడు చేసీసేను."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. రేబెకా సంచి పట్టుకుని నిలబడింది. ఆ క్షణాన తల్లి తల మీద చెయ్యి వెయ్యాలని ఆమెకు తెలుసు. తెలియడం వరకే ఉంది, చెయ్యి లేవలేదు. తొడుగుకు రుమాలులోని అయొడిన్ అంటుకుందేమోనని తనకు తాను చెప్పుకుంది. అది సాకేనని కూడా తెలుసు.

మళ్లీ తీసిన బొమ్మలో మచ్చ లేదు. మెడలో కొద్దిపాటి ముక్కలు తప్ప ఇంకెక్కడా ఏమీ లేదని డాక్టర్ లాహిరి సంతకం పెట్టాడు. జయరాజుకు ఫోన్లో చెబితే, బస్సులో ఉన్నాడు, చుట్టూ జనం ఉన్నా లెక్కచెయ్యక "స్తోత్రం, స్తోత్రం ప్రభువా" అని గట్టిగా అని ఏడ్చాడు. రేబెకా ఆ ఏడుపు వింటూ ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. ఊరట కలగాల్సిన సమయమిది. ఎదురు చూసింది. రాలేదు.

టాక్సీలో విజయ కుమారి నీలం చీరతో వెనక సీటు మూలన కూర్చుంది. రేబెకా ముందు, డ్రైవరు పక్కన. ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర లారీల వెనక బండి చాలాసేపు నిలిచిపోయింది.

ఇల్లు చేరేసరికి ఇవాన్ గది తలుపు బార్లా తీసి ఉంది. జయరాజు కిటికీ తెరిచి, నేల తుడిచి, ఉతికిన దుప్పటి పరిచాడు. బల్ల మీద ఆఫీసు సంచి, చుట్ట చుట్టిన ఛార్జరు వైరు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. వాటి చుట్టూ జాగ్రత్తగా తుడిచినట్టు దుమ్ము గీత కనపడుతోంది. విజయ కుమారి గుమ్మంలో ఆగింది.

"ఇంకెక్కడా కుదరదేటి?"

"కుదరదమ్మా."

"నేనిక్కడ పడుకుంటే ఇదంతా..." ఆమె చేత్తో గదిని చూపించింది. "దీనికేమయినా అవుద్దా?"

"ఏమీ అవ్వదు. దుప్పటీ తలగడ గలీబూ విడిగా ఉతకాలి, అంతే."

ఆమె లోపలికెళ్లి మంచం అంచున కూర్చుంది, బంధువులింట్లో కూర్చున్నట్టు.

రేబెకా సెలవు పెట్టి అక్కడే ఉండిపోయింది. వంట తను చేసింది. మర్నాడు మధ్యాహ్నం తల్లి కంచాన్ని లోపల స్టూలు మీద పెట్టి, తను వెనక్కొచ్చి గుమ్మం ఇవతల కుర్చీ వేసుకుని, ఒళ్లో కంచం పెట్టుకుంది. దూరం కళ్లతోనే కొలుచుకుంది, అలవాటు. అన్నం, పప్పు, బంగాళదుంప వేపుడు. విజయ కుమారి రెండు ముద్దలు తిని ఆగింది.

"ఆ రోజు నువ్వే కదా ముందు చూసేవు."

"అవును."

"ఎలగున్నాడు?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. రేబెకా కలుపుతున్న అన్నం కేసి చూసింది.

"నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఆసుపత్రికి తెచ్చేసరికే అయిపోయింది. బస్సు క్లీనరు కూడా వచ్చాడు. దిగమని భుజం తట్టేనక్కా, అన్నాడు. చాలాసార్లు తట్టాడట. ఒక చెవిలో పాట వినే వైరు ఉంది. ఇంకోటి జారిపోయి చొక్కా మీద ఉంది. ఆ పాట ఇంకా వస్తోంది, నేనే ఆపేను."

"ఏం పాట?"

"హిందీ పాట. నాకు తెలీదు."

"బాధపడ్డట్టు ఉన్నాదా మొహం?"

"లేదు. నిజంగా లేదమ్మా. కిటికీకి ఆన్చిన వైపు చెంప మీద అద్దం అంచు గీత పడింది. అంతే."

విజయ కుమారి తలాడించింది. "క్యారేజీ?"

"సంచిలో ఉంది. ఇంకా వెచ్చగా ఉంది."

అది చెప్పేశాక రేబెకాకు గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టయింది. నీళ్లు తాగింది. అది దిగలేదు.

"సొరకాయ పెట్టేను ఆవేళ," అంది తల్లి. "వాడికి పడదు. ముందురోజు రాత్రే చెప్పేడు, రేపు సొరకాయ వొద్దమ్మా అని. ఇంట్లో అదే ఉంది, అదే పెట్టీసేను. తినకుండా తిప్పి తెస్తాడని తెలుసు. సాయంత్రం తిడదామనుకున్నాను."

ముందు గదిలో టీవీ ఆగింది. జయరాజు కుర్చీ జరిగిన చప్పుడైంది గాని ఆయన ఇటు రాలేదు. విజయ కుమారి మొహం మీద నీళ్లు కారుతున్నాయి. ఈసారి తుడుచుకోవడానికి ఏమీ లేదు, ఎడమ అరచేత్తో అడ్డదిడ్డంగా తుడుచుకుంది. రేబెకా లేవబోయింది.

"అక్కడే ఉండు," అంది తల్లి. "నువ్వే కదా దగ్గరకి రావొద్దంటావు."

"చేతులు కడుక్కోవాలమ్మా నువ్వు. కన్నీళ్లలో ఉంటాది అది."

"కడుక్కుంటానులే. నీ చెయ్యి చూసుకో ముందు, అన్నం ఎండిపోనాది."

రేబెకా చెయ్యి చూసుకుంది. నిజమే, వేళ్ల మీద పప్పు పెచ్చు కట్టింది. లేవలేదు. గొంతులో అడ్డం పడ్డది అక్కడే ఉంది, నొప్పెడుతోంది కూడా. ఆ నొప్పిని కదపకుండా, కుర్చీలో కొంచెం ముందుకు వంగి కూర్చుంది.

"ఇంకా ఏమయినా అడుగుతావా?"

"అడుగుతాను," అంది విజయ కుమారి. "ఏ చొక్కా వేసుకున్నాడు?"